ఎత్తడం, ఎత్తేయడం

ఫిబ్రవరి 3

అత్తా,

నమస్కారం. ముందు క్షేమసమాచారం రాయందే ఉత్తరం చదవనంటావు కాబట్టి రాస్తున్నాను. జలుబు తగ్గింది. తిండికి లోటు లేదు. చెప్పులు తెగిపోతే కంపెనీవాళ్ళు బూట్లు ఇచ్చారు. ముందు వైపు ఇనప తొడుగు ఉంది. ఒక్కోటి దూడ కాలంత బరువు.

అసలు సంగతి, ఈ పని చెయ్యడానికి కార్డు వచ్చింది. పదకొండు మందిమి పరీక్షకి కూర్చుంటే నలుగురం ప్యాసయ్యాం. అందులో ఆడపిల్లని నేనొక్కదాన్నే. కార్డు మీద ఫోటోలో దొంగలా ఉన్నాను గానీ కింద ముద్ర మాత్రం గట్టిగా పడింది.

పనేమిటో సరిగ్గా చెప్పలేదన్నావు. ఇక్కడ మూడంతస్తుల ఆసుపత్రి కడుతున్నారు. కప్పుకి ఇనప దూలాలు క్రేన్‌తో ఎత్తాలి. క్రేన్ నడిపే పెద్దాయన తన గదిలో కూర్చుంటే గోడ వెనక ఏముందో ఆయనకి కనపడదు. ఇంజను మోతలో ఎవరి కేకా వినపడదు. నేను ఆయనకి కనపడే చోట నారింజ రంగు చొక్కా వేసుకుని నిలబడి చేతులతో చెబుతాను. పైకి, కిందికి, పక్కకి, మెల్లిగా. నేను వేలు తిప్పితేనే దూలం కదులుతుంది. నా మాట కాదని పక్కనుంచి ఇంకెవరు సైగ చేసినా ఆయన చూడకూడదు. సూపర్‌వైజరు చేసినా సరే. అది రూలు.

పరీక్ష పెట్టినాయన, "ఇంత స్పష్టంగా చేతులు ఆడిస్తున్నావు, ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగాడు. "మా అత్తకి చెవుడండీ, ఐదో ఏట నుంచి ఆవిడ దగ్గరే పెరిగాను" అన్నాను. ఆయన నవ్వలేదు. కాగితం మీద రాసుకున్నాడు.

పెద్దాయన నన్ను పిచ్చుక అంటాడు. "నువ్వు గాలికి ఎగిరిపోతే నాకు పైకో కిందికో ఎవరు చెబుతారే?" అంటాడు. మంచివాడే. ఇరవై ఏళ్ళ నుంచి క్రేన్ మీదే ఉన్నాడట.

నీ పాల సెంటరు ఎలా ఉంది?

నీ మేనకోడలు

ఫిబ్రవరి 11

పిల్లా,

ఉత్తరం అందింది. నాకు చెవుడని ఊరంతా తెలిసింది చాలక ఇప్పుడు కంపెనీ రికార్డులో కూడా ఎక్కించావు. సంతోషం.

ఆడపిల్లకి క్రేన్ ఏమిటని పాలు పోయడానికి వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతున్నారు. "బరువు మోసేది క్రేను, మా పిల్ల కాదు" అని చెబుతున్నాను. అయినా అడుగుతారు. వాళ్ళు అడిగేది నాకు సగమే వినపడుతుంది కాబట్టి నాకు సగమే కోపం వస్తోంది.

ఫోన్ చెయ్యమని మన బడి మాస్టారు ఒకటే పోరు. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే నాకు తేనెటీగల తుట్టెలో తల పెట్టినట్టుంటుంది. ఉత్తరమే నయం. రెండోసారి చదువుకోవచ్చు.

ఒక మాట చెబుతాను, మూతి ముడుచుకోకు. కుట్టు మిషను నేర్చుకుంటానని రెండు నెలలు వెళ్ళి మానేశావు. టైపు మూడు వారాలు. నర్సు పని నేర్చుకుంటానని వెళ్ళి రక్తం చూసి నాలుగో రోజున బస్సెక్కి వచ్చేశావు. ఆ రోజు నేనేమీ అనలేదు. ఈసారి అంటాను. ఈ పని మధ్యలో వదిలి వస్తే గుమ్మం ఎక్కనివ్వను. ఉద్యోగం కష్టమైతే కష్టమని రాయి, ఓపిగ్గా చదువుతాను. వచ్చేస్తానని మాత్రం రాయకు.

సెంటరులో కొత్త పరీక్ష గొట్టం ఇచ్చారు. పాలలో ముంచితే నీళ్ళెంత కలిశాయో గీత చెబుతుంది. ఇప్పుడు అందరికీ ఆ గొట్టం మీదే కోపం. నా మీద కోపం కొంచెం తగ్గింది.

బూట్లలో మేజోళ్ళు వేసుకో. పుండ్లు పడతాయి.

అత్త

ఫిబ్రవరి 19

అత్తా,

ఇది పొట్టి ఉత్తరం, తిట్టకు. మా దగ్గరి నుంచి ఊరెళ్ళే తాపీమేస్త్రీ బస్సుకి నిలబడి ఉన్నాడు. ఆయన చేతికి ఇస్తున్నాను.

మొన్న పెద్ద దూలం ఎత్తుతుండగా నడిమధ్యలో చేతులెత్తేశాను. దూలం ఊగి కొత్త గోడ మూల విరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నన్ను పని దగ్గరికి రానివ్వకుండా పక్కన కూర్చోబెట్టారు. కార్డు తీసుకున్నారు. విచారణ పెడతారట. నేను మటుకు చేసిందే మళ్ళీ చేస్తాను.

చెక్క ఒకటి తెచ్చి మంచం కింద దాచాను. ఎవరితోనూ అనకు.

బస్సు కదులుతోంది.

నీ మేనకోడలు

ఫిబ్రవరి 25

పిల్లా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, మూడుసార్లూ అదే ఉంది. చేతులెత్తేశానని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? అంత బరువు గాల్లో వేలాడుతుంటే నావల్ల కాదని వదిలేస్తారా? మిషను దగ్గర ఎత్తేశావు, టైపు దగ్గర ఎత్తేశావు, అక్కడ ఎవరి నెత్తి మీదా ఏమీ లేదు కాబట్టి ఊరుకున్నాను. పైగా మళ్ళీ అదే చేస్తానని రాస్తావా?

పక్కన కూర్చోబెట్టారంటే ఎవరి పక్కన? సరిగ్గా రాయి.

ఆ చెక్క సంగతి ఇంకా సిగ్గుచేటు. కంపెనీ చెక్క నీ మంచం కింద ఎందుకుంది? నీకు పొయ్యి లేదు, బల్ల చేయించుకునే ఇల్లు లేదు. దొంగతనం మన ఇంటా వంటా లేదు. ఈ ఉత్తరం అందిన రోజే తీసుకెళ్ళి ఎక్కడిది అక్కడ పెట్టి రా.

నేను ఊరికే కూర్చోలేదు. మాస్టారిని పిలిచి మీ ఆఫీసుకి ఉత్తరం రాయించాను. నేను మామూలుగా చెప్పాను, ఆయన తన భాషలో రాశాడు. "మా బాలిక పిరికితనంతో మధ్యలో చేతులెత్తేసినందుకు క్షంతవ్యులం, లేతవయసని దయచూపి మరొక అవకాశం ఇప్పించ ప్రార్థన" అని. చదువుతుంటే నాకే జాలేసింది. కింద సంతకం నాదే. రిజిస్టరు పోస్టులో పంపాను. వాళ్ళు మనసు మార్చుకుంటే నువ్వు వెళ్ళి నోరు మూసుకుని పని చెయ్యి.

తిన్నావో లేదో రాయి.

అత్త

మార్చి 4

అత్తా,

తిన్నాను.

నువ్వు ఆఫీసుకి పంపిన ఉత్తరం ముందు చేరింది, నాకు రాసింది తర్వాత చేరింది. సూపర్‌వైజరు నన్ను పిలిచి అందరి ముందూ పైకి చదివాడు. క్షంతవ్యులం దగ్గర ఆగి మళ్ళీ చదివాడు. "మీ ఇంటివాళ్ళే ఒప్పుకున్నారు కదమ్మా, ఇంక విచారణ దేనికి?" అన్నాడు. ఆ కాగితం ఇప్పుడు ఫైల్లో ఉంది.

అత్తా, నేను చేతులెత్తేయలేదు. చేతులెత్తాను. రెండు చేతులూ తల పైకి, అరచేతులు క్రేన్ వైపు. ఆపెయ్, వెంటనే ఆపెయ్ అని దానికి అర్థం. మిగతా సైగలన్నీ నేనొక్కదాన్నే చెయ్యాలి. ఈ ఒక్కటి ఎవరు చేసినా ఆపాలి, ఊడ్చే ఆవిడ చేసినా సరే. ఇక్కడ మేమందరం "చేతులెత్తేశాడు" అనే అంటాం కాబట్టి అలవాటుగా అలాగే రాసేశాను. నువ్వు ఇలా చదువుతావని తట్టలేదు.

ఏం జరిగిందో వరసగా చెబుతాను. క్రేన్ నాలుగు కాళ్ళు చాపుకుని నిలబడుతుంది. ఒక్కో కాలు కింద మందపాటి చెక్క వేస్తారు, నేలలో దిగబడకుండా. ఆ పొద్దున సిమెంటు కలిపే చోట నీళ్ళ గొట్టం కారి క్రేన్ వైపు పారుతోంది. కట్టెయ్యమని సూపర్‌వైజరుకి చెప్పాను. "నీ పని చేతులు ఊపడం, గొట్టాలు కాదు" అన్నాడు. ఆసుపత్రి పెద్దలు చూడటానికి వచ్చి గొడుగుల కింద కుర్చీల్లో కూర్చున్నారు. అందుకే ఆయనకి తొందర. దూలం రెండో అంతస్తు దాటాక, గోడ వైపు ఉన్న కాలు కింద చెక్క పక్కన బురద పైకి ఉబుకుతూ కనపడింది. మరుక్షణం చెక్క మధ్యకి చీలింది. కాలు దిగబడితే క్రేన్ దూలం వైపు ఒరుగుతుంది. ఆ గోడ కింద ఆరుగురు తాపీ పనివాళ్ళున్నారు. చేతులెత్తాను. క్రేన్ ఆగింది గానీ దూలం ఊగి గోడ మూలకి తగిలింది.

సాయంత్రానికల్లా కాలు దిగిన గుంతలో కంకర పోసేశారు. కాళ్ళ కింద కొత్త చెక్కలు వేశారు. చీలిన చెక్కని వంటపాక దగ్గర పొయ్యిలోకని పడేశారు. అక్కడి నుంచి తెచ్చాను. అదీ నా దొంగతనం. వెనక్కి పెట్టను.

ఇప్పుడొక కాగితం టైపు చేసి ఇచ్చారు. "అవసరం లేకపోయినా భయపడి ఆపమని సైగ చేశాను" అని ఉంది. సంతకం పెడితే రేపే కార్డిచ్చి పనిలోకి రానిస్తారు. పెట్టకపోతే కార్డు రద్దు. ఎక్కడా ఈ పని దొరకదు. పదహారో తారీఖున పై ఆఫీసు నుంచి ఇంజినీరమ్మ వస్తోంది, ఆ లోపల తేల్చుకోమన్నారు.

పెద్దాయన నా మొహం చూడటం లేదు. ఎదురుపడితే పక్కకి తిరిగిపోతున్నాడు. ఆయన ఒక్క మాట చెబితే చాలు. చెప్పడు. ముగ్గురు పిల్లలున్నారు ఆయనకి.

నేను సంతకం పెట్టను. భయపడ్డానని రాసిస్తే రేపు నా జాగాలో నిలబడే ఇంకొకళ్ళు బురద చూసి కూడా చేతులు జేబులో పెట్టుకుంటారు.

నువ్వు ఇంక ఎవరికీ ఏ ఉత్తరమూ రాయకు. దణ్ణం పెడతాను.

నీ మేనకోడలు

మార్చి 10

పిల్లా,

రాయకు అన్నావు. రాశాను. ముందు చదువు, తర్వాత కోప్పడు.

నీ ఉత్తరం అందిన రోజు సెంటరు తలుపు ఒక గంట ఆలస్యంగా తీశాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆలస్యం చెయ్యలేదు. క్యాన్లు పట్టుకుని బయట నిలబడ్డవాళ్ళు, ముసలిది పోయిందేమోనని తలుపు బాదారట. నాకెక్కడ వినపడుతుంది.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. నువ్వు ఏడో క్లాసులో ఉండగా, పాల సంఘం ప్రెసిడెంటు ఇంటి పాలు పలచగా వచ్చాయి. వెనక్కి పంపాను. "చెవులతో పాటు కళ్ళు కూడా పోయాయా?" అన్నారు. రెండో రోజూ పంపాను. మూడో రోజు ఆయనే వచ్చి, సెంటరుకి వేరే మనిషిని చూసుకుంటామన్నాడు. నాలుగో రోజు ఆ పాలు తీసుకుని మిగతా పాలలో పోశాను. పట్నంలో పరీక్ష చేసి మొత్తం ట్యాంకు పారబోశారు. ఊరందరి పాలూ పోయాయి. తప్పెవరిదని అడిగితే నేను నోరు తెరవలేదు. ఎండకి విరిగాయనుకున్నారు.

చేతులెత్తేసింది నేను. అందుకే నీ ఉత్తరంలో ఆ మాట చూడగానే దాని అర్థం ఏమిటని అడగలేదు. నాకు తెలిసిన అర్థమే నీకు అంటగట్టాను.

ఈసారి మాస్టారిని పిలవలేదు. ఆయన క్షంతవ్యులం లేకుండా రాయలేడు. నేనే రాశాను, పై ఆఫీసు ఇంజినీరమ్మ పేరున. దాని నకలు ఇది:

"అమ్మా, నేను పోయిన నెల మీ ఆఫీసుకి పంపిన ఉత్తరం తప్పు. మా పిల్ల చేతులెత్తేసిందని అందులో ఉంది. ఆ సమయంలో నేనక్కడ లేను, చూడలేదు, నాకేమీ తెలియదు. తెలియకుండానే సంతకం పెట్టాను. చేతులెత్తేయడం అంటే నావల్ల కాదని వదిలేయడం. చేతులెత్తడం అంటే మీ పనిలో ఆపమని చెప్పడమట. మా పిల్ల ఎత్తింది, ఎత్తేయలేదు. మధ్యలో ఒక ముక్క ఎక్కువ పడింది, అది పడింది మా ఇంట్లో. చూసినవాళ్ళు అక్కడే ఉన్నారు. వాళ్ళని అడగండి. నాకు చెవుడు, మీరు కబురు చేస్తే ఉత్తరంలోనే చెయ్యండి."

బాగుందా? నాలుగుసార్లు తిరగరాశాను.

సంతకం పెట్టొద్దు. గుమ్మం ఎక్కనివ్వనని రాశాను కదా, దాన్ని కొట్టేశాను అనుకో. కార్డు లేకుండా వచ్చినా రా. కానీ పదహారో తారీఖు దాకా అక్కడే ఉండి, వాళ్ళ ముందు చెప్పాల్సింది చెప్పి రా.

చెక్క తడిసిపోకుండా ఏదైనా చుట్టి పెట్టు. బురద మాత్రం కడగకు.

అత్త

మార్చి 17

అత్తా,

బురద కడగలేదు. గోనెసంచిలో చుట్టి భుజాన పెట్టుకుని తీసుకెళ్ళాను. ఆఫీసు గుమ్మం దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "కట్టెలు లోపలికెందుకమ్మా?" అన్నాడు. "సాక్షి" అన్నాను. వదిలాడు.

ఇంజినీరమ్మకి నీ వయసు ఉంటుంది. కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని ముందు నా కాగితం చూసింది.

"సంతకం లేదేం?"

"అందులో రాసింది జరగలేదండీ."

"ఏది జరగలేదు?"

"భయపడటం జరిగిందండీ. అవసరం లేకపోవడం జరగలేదు."

సూపర్‌వైజరు అందుకుని, "కొత్త పిల్లండీ, పెద్దవాళ్ళని చూసి బెదిరింది" అన్నాడు. చెక్క బల్ల మీద పెట్టాను. "పాత చెక్క, ఎప్పుడో చీలింది" అన్నాడాయన. ఆవిడ చీలిక మీద చెయ్యి పెట్టి చూసింది. లోపల కర్ర ఇంకా తెల్లగా ఉంది, బురద పైపైనే ఉంది. చెక్క పక్కకి జరిపి నీ రెండు ఉత్తరాలూ బయటికి తీసింది.

మాస్టారి ఉత్తరం మనసులో చదువుకుంది. నీ ఉత్తరం పైకి చదివింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు, సిగ్గుతో కాదు. చదవడం అయ్యాక పెద్దాయన వైపు తిరిగి, "మీరు చెప్పండి. ఎత్తిందా, ఎత్తేసిందా?" అని అడిగింది.

ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎత్తిందండీ" అన్నాడు.

"మీరు చూశారా?"

"చూశానండీ. చూసి కూడా వెంటనే ఆపలేదు. సూపర్‌వైజరు సార్ కిందనుంచి కానీ, కానీ అని చెయ్యి ఊపుతున్నారు. పిల్లని చూడనా, ఆయన్ని చూడనా అని రెండు క్షణాలు ఆగాను. అప్పటికి క్రేన్ ఒరగడం నాకే తెలిసింది. ఒక్కసారిగా బ్రేకు వేశాను. అందుకే దూలం ఊగింది. గోడ విరిగింది నా వల్ల, ఆ పిల్ల వల్ల కాదు."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదండీ" అన్నాడు. టోపీ అంచు తిప్పుతూ, "అడిగినా చెప్పేవాడిని కాదేమో" అన్నాడు.

నాకు ఆయన మీద ఉన్న కోపం ఆ గదిలోనే అయిపోయింది. నేను లేచి, ఆయన చివరికి ఆపాడు కాబట్టే ఆ ఆరుగురూ బతికారు, అది కూడా రాసుకోండి అన్నాను. ఇంజినీరమ్మ "నిన్ను అడిగినప్పుడు చెబుదువుగాని" అంది. రాసుకుంది మాత్రం.

తీర్పు వారంలో చెబుతారట. కార్డు వాళ్ళ దగ్గరే ఉంది. ఏదైనా కానీ, నేను మాత్రం సంతకం పెట్టలేదు.

నీ ప్రెసిడెంటు పాల సంగతి రెండుసార్లు చదివాను. నువ్వు నాకు చెప్పావు, చాలు. ఊళ్ళో చెప్పాలో వద్దో నీ ఇష్టం, నేను చెప్పను.

నీ మేనకోడలు

మార్చి 23

పిల్లా,

నిన్న సంఘం మీటింగులో ఆ పాల సంగతి చెప్పాను. పాత ప్రెసిడెంటు అక్కడే ఉన్నాడు. అందరూ ఒకేసారి అరిచారు. ఎవరేమన్నారో నాకు సరిగ్గా వినపడలేదు, వినపడినంత వరకు న్యాయంగానే ఉంది. పొద్దున్న మామూలుగానే అందరూ పాలు తెచ్చారు. ఇద్దరు మాత్రం నాతో మాట్లాడటం లేదు. వాళ్ళు మాట్లాడటం లేదని మాస్టారు చెబితే తెలిసింది.

కార్డు సంగతి తెలియగానే రాయి. ఏ సంగతైనా రాయి. మాటలు చూసి రాయి.

అత్త

ఏప్రిల్ 9

అత్తా,

మాటలు చూసే రాస్తున్నాను. కార్డు ఇచ్చారు. సూపర్‌వైజరుని వేరే చోటికి మార్చారు. పెద్దాయనకి పదిహేను రోజులు పని ఆపారు. నిన్న తిరిగొచ్చాడు. ఎలా పలకరించాలో తెలియక నిలబడ్డాను. ఆయనే అన్నాడు, "నీ వల్ల పదిహేను రోజులు ఇంట్లో కూర్చుని ముగ్గురు పిల్లలకి లెక్కలు చెప్పాల్సొచ్చిందే పిచ్చుకా. ఈ దూలాలే నయం."

ఇవాళ అదే దూలం మళ్ళీ ఎత్తాం. కొత్త సూపర్‌వైజరు గొట్టం కట్టించాడు. నాలుగు కాళ్ళ కిందా చెక్కలు నేనే ఒంగి చూశాను. గోడ కింద ఎవరూ లేకుండా తాడు కట్టించాను. వేలు తిప్పాను. దూలం లేచింది.

మొదటి అంతస్తు దాటాక, తాపీ మరిచిపోయానని ఒకతను తాడు కిందనుంచి దూరి గోడ దగ్గరికి వచ్చేశాడు. చేతులెత్తాను. దూలం ఉన్నచోటే ఆగింది, జానెడు కూడా ఊగలేదు. ఎందుకు ఆపావని ఎవరూ అడగలేదు. అతను తాపీ వెతుక్కుని, తీసుకుని, తాడు దాటి వెళ్ళేదాకా అందరం అలాగే ఉన్నాం. చేతులు నొప్పి పుట్టాయి గానీ దించలేదు.

తర్వాత దించి, వేలు తిప్పాను. దూలం పైకి వెళ్ళింది.

నీ మేనకోడలు